పిట్ట గుర్తు

ముసలాయన సుద్దబిళ్ల అంచును బొటనవేలితో రుద్ది, తన చొక్కా చేతి మీద ఒక గీత గీసుకున్నాడు.

తర్వాత దాన్ని దులిపి, మరక మిగిలిందేమోనని కిటికీ వెలుగులో చేయి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అదేం చోద్యమో సుద్దక్కకి అర్థం కాలేదు.

దర్జీలు బట్ట మీద గీతలు గీసుకునే సుద్దబిళ్లలు తయారుచేసే చిన్న కార్ఖానా ఆమెది. ఆమె అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పెట్టె మీద ఒంటికాలిపై నిలబడ్డ పిట్ట బొమ్మ ఉంటుంది. ఆ పిట్టను చూసే ఏడు పరాయి దేశాల్లో దర్జీలు ఆ సుద్ద అడిగి మరీ కొంటారు.

"ఈ పిట్టను ఎవరు గీశారమ్మా?" అన్నాడు ముసలాయన.

"నేనేనండి."

"దేన్ని చూసి?"

"చూసి కాదు. చేతికి అలా వచ్చేసింది."

"మీ ఇంట్లో ఎవరైనా కుట్టుపని చేసేవారా?"

"మా అమ్మ."

ఆయన తలూపి, ఒక పెట్టె కొనుక్కుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. సుద్ద ఎలా కలుపుతారో, బిళ్లలు ఎన్నాళ్లు ఆరబెడతారో అడిగాడు. మూడోసారి వచ్చి, ఈ గుర్తు ఎన్నేళ్లుగా వాడుతున్నారని అడిగాడు. ఈయన వాలకం చూస్తే ఎవరికో ఉప్పందించే మనిషిలా ఉన్నాడు వదినా, అని మరిది గొణిగాడు. ఆమె కొట్టిపారేసింది.

మర్నాడే నోటీసు వచ్చింది.

నాలుగుసార్లు చదివినా తలా తోకా తెలియలేదు. దాన్ని పట్టుకుని లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఒక పెద్ద కంపెనీ ఆమె పిట్ట గుర్తును రద్దు చేయమంటోంది. సరిగ్గా అలాంటి పిట్టే ముప్ఫై ఏళ్ల కిందట, సుద్దకే, ఇంకొకరి పేర రిజిస్టరైందట. పాత పుస్తకాల్లో ఉండిపోయి, సుద్దక్క తన గుర్తు రాయించినప్పుడు ఎవరి కంటా పడలేదట. ఆ పాత హక్కును తాము కొనబోతున్నామని కంపెనీ అంటోంది.

"పోతే ఇక్కడే కదమ్మా పోయేది? ఏడు దేశాల్లో విడిగా రాయించాం కదా," అంది సుద్దక్క ఆశగా.

లాయరమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. విడిగా రాయించలేదు. ఇక్కడి ఆఫీసులో ఒక్క దరఖాస్తే పెట్టారు. అది అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లి, అక్కణ్ణించి ఏడు దేశాలకూ చేరింది. ఏ దేశానికి ఆ దేశం పరీక్షించుకుని సరేనంది. కానీ మొదటి ఐదేళ్లు అవన్నీ ఇక్కడి గుర్తు మీదే నిలబడి ఉంటాయి. ఇది ఇంకా మూడో ఏడే.

"ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేస్తే అన్ని గదుల్లోనూ దీపాలు పోతాయి కదా. ఇదీ అంతే. ఇక్కడ పోతే, ఒక్కో దేశానికీ విడిగా మళ్లీ మొదట్నుంచీ తిరగాలి." నోటీసు తిరిగిచ్చేస్తూ అడిగింది. "ఇంతకీ ఆ పిట్ట మీకెలా తట్టింది?"

సుద్దక్క నోటీసు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

ఇంటికొచ్చి కాగితం మీద గీసి చూసుకుంది. చేయి ఎక్కడా తడబడలేదు. పిట్ట తనదే అయితే ఎక్కణ్ణించి వచ్చింది? పరాయిదైతే తనెప్పుడు దొంగిలించింది? తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఎవరు గీశారు, దేన్ని చూసి, ఎన్నేళ్లుగా. నోటీసులో ఉన్నవీ ఆ ప్రశ్నలే, ముసలాయన అడిగినవీ ఆ ప్రశ్నలే.

నాలుగోసారి ఆయన వచ్చినప్పుడు సుద్దక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ కంపెనీవాళ్లు మీకు తెలుసు కదూ?"

"వాళ్లు నా దగ్గరికి వచ్చిన మాట నిజమే తల్లీ," అన్నాడాయన.

"అయితే ఇంకెప్పుడూ ఈ గుమ్మం ఎక్కకండి. ఈ పిట్టను నమ్ముకుని పధ్నాలుగు మంది ఆడవాళ్లు ఇక్కడ పనిచేస్తున్నారు. నా కంఠంలో ప్రాణం ఉండగా వదలను."

ఆయన ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. వెళ్తూ వెళ్తూ చిన్నగా నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వెందుకో ఆమెకి బోధపడలేదు.

మళ్లీ ఆయన రాలేదు.

మూడు నెలల తర్వాత, విచారణ రెండు రోజులుందనగా, లాయరమ్మ కబురు పెట్టింది. సుద్దక్క కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

గండం గడిచిందని చెప్పింది లాయరమ్మ. పాత పిట్ట యజమాని తన హక్కును కంపెనీకి అమ్మలేదు, సుద్దక్క పేర రాసిచ్చాడు. సుద్ద చేసే పని మానేసి ఎన్నేళ్లయినా రిజిస్ట్రేషన్ మాత్రం గడువు తీరనివ్వకుండా నిలుపుకొచ్చాడు కాబట్టి పత్రం చెల్లుతుంది. కంపెనీ వాదన ఇక నిలవదు. ఏడు దేశాల్లోనూ పిట్ట పదిలం.

సుద్దక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఊరికే ఎందుకిచ్చినట్టు?

"వారి ఇల్లెక్కడో చెప్పండమ్మా. వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తాను."

ఆయన పోయి నెల దాటిందనీ, కాగితాలు ఆయన కూతురు తెచ్చిచ్చిందనీ లాయరమ్మ నెమ్మదిగా చెప్పి, పత్రం ఆమె ముందుకు జరిపింది.

కింద, వణికే చేతి అక్షరాలు.

"ఈమె దొంగిలించలేదు. వాళ్లమ్మ కుట్టుమిషను సొరుగులో నా సుద్దపెట్టె చూసి పెరిగి, చూసిన సంగతి మరిచిపోయి ఉంటుంది. నాలుగుసార్లు వెళ్లాను, నాలుగోసారి నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు కనుక, పిట్టను నాకన్నా గట్టిగా కాపాడుకోగలదని నమ్మి ఇస్తున్నాను."