అప్పడాల కర్ర లోగో

వెబ్‌సైట్లు ఒంటికి తగలడం మొదలై చాలా ఏళ్లయింది. చీరల కొట్టు సైటు తెరిస్తే పట్టు చేతిని నిమురుతుంది, ఐస్‌క్రీం కంపెనీది తెరిస్తే పళ్లు జివ్వుమంటాయి. కార్టూన్ల గ్యాలరీ యజమాని ఫణీంద్ర తన సైటుకు లోగోగా అప్పడాల కర్ర కావాలన్నాడు. తెరవగానే అది నెత్తిన పడాలి.

ఏ స్పర్శనైనా తయారుచేసినవాళ్లు ముందు తమ ఒంటిమీద చూసుకోవాలన్నది ఆ పనిలో నియమం. డిజైనర్ మృదులకు అప్పటికే బొప్పులు కట్టాయి. ఈసారి నెత్తురొచ్చింది.

"కార్టూన్ బొమ్మలో అయితే పక్క గడిలోకి వచ్చేసరికి బొప్పి పోతుంది," అంటూ భర్త భార్గవ పసుపు అద్దాడు. "ఆ ఫణీంద్ర ఎవరి నెత్తిన చూసుకుంటున్నాడు?"

"ఆయన స్పర్శ ఆపేసి చూస్తాడు."

ఫోన్ మోగింది. ఫణీంద్రే.

"దెబ్బ చాల్లేదమ్మా. పెళ్లాం మొగుణ్ని కొడుతుంటే జనం పడీపడీ నవ్వాలి."

అంతలో అవతల చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. గ్లాసు కింద పడింది. ఒక ఆడమనిషి మూలిగింది.

"ఏం లేదు, మా ఆవిడ కాఫీ చల్లారబెట్టి తెచ్చింది. నువ్వు చెప్పు."

మృదుల నెత్తిన గుడ్డ అదిమి పట్టుకుని, దెబ్బ బలాన్ని చివరిదాకా పెంచింది. ఈసారి తన మీద చూసుకోలేదు.

"పంపాను సార్. ఈ ఒక్కసారి స్పర్శ పెట్టుకుని తెరవండి. నవ్వొస్తుందో లేదో మీకే తెలుస్తుంది."

ఫోన్‌లో అవతల ఎముక విరిగిన చప్పుడైంది. కుర్చీతో సహా మనిషి కూలాడు. కాసేపటికి ఎవరో ఫోన్ అందుకున్నారు.

"అమ్మాయ్," అంది ఫణీంద్ర భార్య నెమ్మదిగా, "ఇది మళ్లీ తెరవాలంటే ఎక్కడ నొక్కాలి?"