పన్నెండో పేజీ

పెద్దవాళ్లు కుదిర్చిన పెళ్లిచూపులకు నీహారిక, ఉదయ్ భాస్కర్ మదీనాగూడలోని కాఫీ షాపులో కలుసుకున్నారు.

"మీరు ఫోన్లో తెగ పొగిడారని ఆ కొత్త నవల చదివానండి," అంది నీహారిక. "ఏమీ అనుకోకండి, అస్సలు నచ్చలేదు. కథ జరిగేది నూట యాభై ఏళ్ల తర్వాత, ఊళ్లు గాల్లో తేలుతున్నా, ఆ హీరోయిన్‌కి ఇద్దరబ్బాయిల్లో ఎవరన్నదే గోల!"

ఉదయ్‌కి కాఫీ పొలమారింది.

"నేను పన్నెండో పేజీ దాటలేదండి! మీ ఫొటోలో ఆ పుస్తకం చూసి, మీకిష్టమేమోనని పొగిడాను."

"అయ్యో, అది మా చెల్లిది! ఫొటోకి బాగుంటుందని పట్టుకున్నా."

పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూసేంతగా ఇద్దరూ నవ్వారు.

కళ్లు తుడుచుకుంటూ నీహారిక ఫోన్ తీసింది. అమ్మకి పంపాలని పొద్దున్నే రాసిపెట్టుకున్న మెసేజ్ ఇంకా అలాగే ఉంది. "ఈ సంబంధం వద్దమ్మా. అతనికి ఆ పుస్తకం నచ్చింది."

అది చెరిపేసి, "రావడం ఆలస్యమవుతుంది" అని పంపింది.