పందెం ముందు ఆగిపోయిన ల్యాప్‌టాప్

చిత్తూరు హాస్టల్లో క్యారమ్స్‌లో నన్ను ఓడించి, మళ్ళీ ఆడదామని మాట ఇచ్చి, యాభై ఏళ్ళు తప్పించుకున్నాడు నా స్నేహితుడు ఎల్లప్ప. మొన్న దసరాకు ముందు, ల్యాప్‌టాప్‌లో కారు పందేనికి ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

పండగ దాటగానే నా పాత గేమింగ్ ల్యాప్‌టాప్ వేడెక్కి, ఆట మధ్యలో ఆగిపోసాగింది. తిరుపతిలో రిపేరు చేసే స్టెల్లాకు చూపించాను.

"ర్యామ్ పెంచితే సాలునామ్మా, కొత్తదే కొనాల్నా?"

ఆమె విప్పి చూసి పగలబడి నవ్వింది. "రెండూ వద్దు తాతా. ఫ్యాను నిండా గంధం, కుంకుమ! ఆయుధపూజకు మూత మీద బొట్టు పెడతారు గానీ, గాలి పోయే సందుల్లో పూస్తారా యాడన్నా?"

తుడిచి ఇచ్చింది. పందెం నేనే గెలిచాను.

శత్రువు భక్తుడి వేషంలో వస్తాడని ఇన్ని పురాణాలు చదివీ నేర్చుకోలేదు. పూజనాడు మా ఇంటికొచ్చి, "నువ్వు కూసో అబ్బా, నేను పెడతా" అని గంధం గిన్నె లాక్కున్నది ఆ ఎల్లప్పే.