రెండు సెకన్ల కాపలా

బోర్డు మళ్లీ ఆరిపోయి వెలిగింది. పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి.

టెక్నీషియన్ జయచంద్ర తల పట్టుకున్నాడు. ప్రొద్దుటూరు శివార్లలోని ఆ నూలు అద్దకం మిల్లులో బాయిలర్‌ని నడిపించేది ఆ కంప్యూటర్ బోర్డే.

ఫోన్లో ఓనరు సత్తార్ అరుస్తున్నాడు. "మధ్యాహ్నానికి ఆవిరి రావల్ల. రాకుంటే రేపట్నుంచి నువ్వు రావద్దు!"

"ఏమైందన్నా దానికి?" బాయిలర్ దగ్గర పనిచేసే అన్సర్ అడిగాడు.

"కాపలా టైమర్‌రా. ప్రోగ్రాము రెండు సెకన్లకోసారి బతికే ఉండానని దానికి చెప్పల్ల. కొత్త సెన్సార్ పెట్టినాక ఆ మాట చెప్పేది ఆలస్యమైతాంది. ప్రోగ్రాము చచ్చిందనుకోని, ఈ టైమరు బోర్డును ఆర్పి మళ్లా లేపుతాంది. తీసేస్తే పీడ పోతాది."

"తీసేయొద్దప్పా!"

గుమ్మంలో ఎవరో ముసలాయన. కాళ్ల నిండా దుమ్ము.

"చాలకుంటే ఐదు సెకన్లు పెట్టుకో. అది మాత్రం ఉండల్ల."

"నువ్వెవరు పెద్దాయనా?"

"ముద్దనూరు పక్కనప్పా. ఈడ ఆ టైమరు ఉందో లేదో అడిగి పోదామని..."

జయచంద్రకు ఒళ్లు మండిపోయింది. "ఈడ నా కొంప మునుగుతాంటే నీ పాఠాలేంది? పో!"

"నీ కాళ్లు పట్టుకుంటానప్పా."

జయచంద్ర తలుపు వేసేశాడు. టైమర్‌ని తీసేశాడు.

ఆ తర్వాత బోర్డు ఒక్కసారీ ఆరలేదు. ఆవిరి వచ్చింది. హమ్మయ్య అనుకుని అతను అన్నం తినడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి తెర మీద అంకెలు ఎక్కడివక్కడే నిలిచిపోయి ఉన్నాయి. ప్రోగ్రాము బిగుసుకుపోయింది. బాయిలర్ లోపల మంట మాత్రం మండుతూనే ఉంది, ఆవిరి ఒత్తిడి పెరుగుతూనే ఉంది.

"అన్సర్! బయటికి రా!"

ఆవిరి పైపు పగిలింది. అన్సర్ కేక మిల్లంతా వినబడింది.

అన్సర్‌ని ఎక్కించుకుని అంబులెన్స్ వెళ్లిపోయింది. బతికితే అదృష్టమే అన్నారు. జయచంద్ర ఏడుస్తూ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన యాడ? ఆయన ఏ కంపెనీ ఇంజనీరు?"

గేటు పక్కన టీ అమ్మే నాగేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడే బస్సెక్కి పాయె. ఇంతసేపూ ఈడే కూర్చోని ఏడ్సినాడు. ఇంజనీరు యాడప్పా, ఆ రంగన్నకు సంతకం గూడా రాదంట. పోయినేడు ఎవరో ఆ టైమరు తీసేసిన బాయిలర్ ముందర కొడుకు కాలిపోయినాడంట, అప్పట్నుంచి మిల్లు మిల్లుకూ తిరిగి ఆ ఒక్క మాటే చెప్తాండాడు."