అడ్డుగోడ

“సార్, ఒక్కసారి కిందికెళ్లి ప్యాకింగ్ హాలు చూసొద్దామా?” అని అడిగింది టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి.

“ఇప్పుడా? అరగంటలో మీటింగ్ పెట్టుకునా?” టీమ్ లీడర్ టై సరిచేసుకుంటూ నవ్వాడు. “హాలు చూడలేదని బెంగా? నేనూ చూడలేదు. పదహారేళ్లలో నలభై ఫ్యాక్టరీలను బాగుచేశాను. వాటిలో సగం ఫ్యాక్టరీల గేటు కూడా దాటలేదు.”

“అది కాదు సార్. గోడ పడగొట్టమని చెప్పబోతున్నాం కదా. అదెలా ఉందో చూస్తే...”

“గోడ గోడలాగే ఉంటుంది తల్లీ! ఆరేళ్ల క్రితం మన కంపెనీయే వీళ్లకి రిపోర్ట్ ఇచ్చింది. ఆ ఫైల్లోదే ఈ ప్లాన్. స్కేలు పెట్టి మనవాళ్లు గీసిన ప్లాన్‌నే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతావు?”

అమ్మాయి ల్యాప్‌టాప్ అందుకుని ఆయన వెనకే నడిచింది.

వాళ్లది పెద్ద కన్సల్టింగ్ కంపెనీ. సలహాలివ్వడం లీడర్‌కి కొట్టిన పిండి. ఈ ఒక్క మీటింగ్ గట్టెక్కితే ఆయన్ని పార్ట్‌నర్ చేస్తామన్నారు. ఆ మాటిచ్చిన పెద్దబాసే స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కూర్చోబోతున్నాడు. “సాయంత్రానికి నువ్వు పార్ట్‌నర్ గారి భార్యవి” అని పొద్దున ఇంట్లో చెప్పి మరీ బయల్దేరాడు లీడర్. అదీ ఆయన ధీమా!

సబ్బుల ఫ్యాక్టరీకి కొత్త యజమానురాలు వచ్చి రెండు నెలలే అయింది. పై అంతస్తులోనే ఆవిడ గది. హాలు మెట్ల దగ్గరికెళితే చాలు, సబ్బుపొడికి ఆవిడకి తుమ్ములు ఆగవు. అందుకే ఇంతవరకు హాల్లో అడుగే పెట్టలేదు.

తెర మీద ప్లాన్ వెలిగింది. మూలన కన్సల్టింగ్ కంపెనీ గుర్తు, మధ్యలో ఎర్రగా ఒక గీత.

“మేడమ్, మీ సరుకు లారీలెక్కడం ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసా? ఇదిగో, ఈ గోడ వల్ల! ప్యాకింగ్‌కీ లోడింగ్‌కీ మధ్య అడ్డంగా కూర్చుంది. ప్రతి ట్రాలీనీ దీని చుట్టూ తిప్పి తొంభై అడుగులు ఎక్కువ తోస్తున్నారు. దీన్ని తీసేయండి. మధ్యాహ్నం కదిలే లారీ పొద్దున్నే కదులుతుంది.”

“అరె! ఇంత చిన్న విషయం మావాళ్లకి తట్టలేదే!”

“రోజూ చూసేవాళ్లకి కనపడదు మేడమ్. బయటినుంచి వచ్చినవాళ్లకే కనపడుతుంది.”

యజమానురాలు చప్పట్లు కొట్టింది. పెద్దబాసు తలాడించాడు. అనవసరంగా సార్‌ని అనుమానించానే అని కొత్తమ్మాయి సిగ్గుపడింది.

“మంచి పనికి ఆలస్యం దేనికి? ఆదివారమే మొదలుపెట్టిద్దాం” అంటూ యజమానురాలు ప్యాకింగ్ సూపర్‌వైజర్‌కి కబురు పెట్టింది.

తల నెరిసిన మనిషి వచ్చింది. ఆ హాల్లో ఆవిడది ఇరవై ఏళ్ల సర్వీసు. చేతులకంటిన సబ్బుపొడి దులుపుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

“రండమ్మా, రండి” అని లీడరే పిలిచాడు. గొంతులో పార్ట్‌నర్ దర్జా అప్పుడే వచ్చేసింది. “ఈ గోడ పడగొట్టాలంటే మీకు ఎన్ని రోజులు పడుతుంది?”

ఆవిడ తెర వైపు చూసింది. దగ్గరికెళ్లి, కళ్లజోడు పెట్టుకుని మూలనున్న గుర్తు చూసింది, ఎర్రగీత చూసింది. తర్వాత లీడర్ మొహంలోకి చూసింది.

“ఆరేళ్ల కిందట మీ కంపెనీవాళ్లొచ్చి కట్టమని గీసిచ్చిన గోడేనా బాబూ? దాన్ని మేం కట్టనే లేదు కదా!”