గ్రాఫిక్స్ చూడండి

టైటిల్స్ అయిపోయేదాకా వీరేశం హాలు బయట చాయ్ తాగుతూనే ఉన్నాడు. తల్లి ఉప్పలమ్మ మూడుసార్లు తొందరపెట్టింది. పెన్‌పహాడ్ నుంచి రెండు ఆటోల్లో వచ్చిన వాడకట్టు జనమంతా అప్పటికే లోపల కూర్చున్నారు. వాళ్లందరినీ బయల్దేరదీసింది ఆమే.

గొర్లను పక్కింటి మంగయ్యకు అప్పజెప్పి, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని మరీ సూర్యాపేట వచ్చింది. ఏడేళ్ల తర్వాత ఆమె చూస్తున్న మొదటి సినిమా ఇది. నచ్చకపోతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్నదే వీరేశం బెంగ.

లోపలికి వెళ్లేసరికి తెర మీద సముద్రం నిటారుగా లేచి నిలబడింది. దాని మీద బంగారు కోట తేలుతూ వచ్చింది. హాలంతా ఈలలు. వీరేశం పక్కసీటాయనది కోదాడ. అక్కడొకసారి, మిర్యాలగూడలో ఒకసారి చూసి, ఇక్కడ మూడోసారి చూస్తున్నాడట.

కథ మాత్రం పాచిపోయిన అన్నం. నదిలో కొట్టుకొచ్చిన రాజుగారి బిడ్డ, గొర్లకాపరి ఇంట్లో పెంపకం, భుజం మీద పుట్టుమచ్చ, సింహాసనం మీద దొంగ బాబాయి.

“వీడు రాజు కొడుకే గద?” ఉప్పలమ్మ కొడుకు ముఖంలోకి చూసింది.

“ఊఁ.”

పది నిమిషాలకు అదే తేలింది. ఆమె మురిసిపోయింది.

“ఇగ గీ తల్లి సచ్చిపోతది.”

చచ్చిపోయింది. ఎదురింటి పిల్లి పోయినా ఏడ్చే మనిషి కంట చుక్క నీరు రాలేదు. అది చూసి వీరేశం మనసు చివుక్కుమంది.

తెర మీది కాపరి గొర్రెపిల్లను మెడ పట్టి పైకి లేపాడు.

“పిల్లను గట్ల పడతరా బిడ్డా?” అని ఉప్పలమ్మ మెల్లగా అడిగింది.

రొమ్ము కింద చెయ్యి వేసి ఎత్తుకోవాలని వీరేశానికి ఐదేళ్లప్పుడే నేర్పిందామె.

ఈ కథ రాసినవాణ్ణి తలుచుకుంటేనే అసహ్యం వేసింది. ఐదారు పాత సినిమాలు ముందేసుకుని, ఒక్కోదాంట్లోంచి ఒక ముక్క కోసి కుట్టాడు. సిగ్గూ శరం లేని పని. ఉండబట్టలేక పక్కాయనతో ఆ మాటే అన్నాడు, రాబోయే సీన్లు ముందే చెప్పి మరీ.

“కథ కోసం ఎవడొస్తాడండీ? గ్రాఫిక్స్ చూడండి, రెండు కళ్లూ చాలట్లేదు” అన్నాడాయన. “అయినా ఏ సీను తర్వాత ఏదో అన్నీ ముందే చెప్పేస్తున్నారు. మీకిది ఎన్నోసారి?”

“మొదటిసారే.”

అదీ నిజమే.

చివరికి కోట కూలింది. బంగారం వానై కురిసింది. ఏనుగులు ఆకాశంలో నడుచుకుంటూ పోయాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. వీరేశానికి ఆ చప్పట్లంటే కూడా రోత పుట్టింది. ఇంత వెలుగు పోస్తే ఎంత చెత్తనైనా నెత్తిన పెట్టుకుంటారా అనుకున్నాడు.

“పోదాం పా అవ్వా, ఆటోలోళ్లు ఎదురుసూస్తున్నరు.”

ఉప్పలమ్మ కదల్లేదు. తెర నల్లబడి, తెల్లటి పేర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. ఆమెకు చదువు రాదు. అయినా రెప్ప వేయకుండా చూస్తూ, వెనక వరుసలోని వాడకట్టంతా వినేలా అడిగింది: “కథ నా కొడుకే రాసిండని ఇందర్ని తోలుకొచ్చిన, గీ పేర్లల్ల నీ పేరేది బిడ్డా?”