ఒకరికి ఉపయోగపడింది

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తనకూ పాపకూ ఏమైనా అయితే, ఎక్కడున్నారని వెతికే మనిషి ఒక్కరూ ఉండరని. లారీ ఎక్కిన భర్త వారాల తరబడి రాడు. పదో తరగతి మధ్యలో పుస్తకాలు మూసి అతని వెంట వచ్చేసిన రోజున, "నాకిక కూతురు లేదు" అనేసింది అమ్మ.

"ఏంటే, మళ్లీ ఫొటోలా?" పక్కింటి పిన్ని తలుపు తోసుకుని వచ్చింది.

"పాలసీసా పంపారు పిన్నీ. ఫైవ్ స్టార్ ఇస్తే సీసా మనదే."

పాపను బొంత మీద కూర్చోబెట్టి, సీసా పక్కన పెట్టింది. తన స్కూలు యూనిఫాం ముక్కలతో అమ్మ కుట్టిన బొంత అది. చంటిపిల్లల బట్టలు కుట్టి బతికే చెయ్యి అమ్మది, ఎన్ని ఉతుకులకీ కుట్టు వదల్లేదు. ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నవి రెండే: ఆ బొంత, 'పిచ్చుక' అన్న ముద్దుపేరు. రివ్యూలకు ఆ పేరే పెట్టుకుంది.

పిన్ని సీసా వంచి చూసింది. "మూత దగ్గర కారుతోంది కదే!"

"కారనీ. 'మా పాప చుక్క పోకుండా తాగుతోంది' అని రాస్తా."

"అబద్ధాల పుట్టవే నువ్వు."

"పాప నిజమే కదా పిన్నీ."

రివ్యూ పెట్టిన గంటకల్లా, ఎప్పటిలాగే దాని కింద 'ఒకరికి ఉపయోగపడింది' అని వచ్చింది. ఆ వెంటే పేరు లేని కొనుగోలుదారు ప్రశ్న: 'పాపకు పళ్లొచ్చాయా?'

పిన్ని విరగబడి నవ్వింది. "సీసా సంగతి అడక్క, పళ్ల గొడవెందుకే ఈ మనిషికి?"

"కంపెనీ మనిషిలే. ఈ సరుకులు పంపి రివ్యూలు రాయించే ఏజెంటు ముందే చెప్పాడు, ప్రశ్నలడగడానికి వాళ్ల మనుషులుంటారట. జవాబిస్తూ ఉంటే చాలట."

'రెండొచ్చాయి, కింద' అని రాసింది. ఇది అబద్ధం కాదు. సాక్సులప్పుడూ, స్నానాల టబ్బప్పుడూ కూడా జవాబుల్లో నిజాలే రాసింది. ఒకసారి 'నువ్వు వేళకి తింటున్నావా?' అన్న ప్రశ్న వచ్చింది. జీతానికే అడిగితేనేం, మూడేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు ఇంకొకరు లేరు. ఆ మధ్యాహ్నం అమ్మ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసింది.

ఆ తర్వాత థర్మామీటరు వచ్చింది. పాప ఒళ్లు పెనంలా కాలుతున్నా, అది మాత్రం జ్వరం లేదనే చూపించింది. దాన్ని నమ్మి ఒక పూట గడిపేసింది. చెంప ఆనించి చూసిన పిన్నే ఇద్దర్నీ ఆసుపత్రికి లాక్కెళ్లింది.

బెంచీ మీద ఉండగానే ఏజెంటు ఫోను. "మేడమ్, థర్మామీటర్ రివ్యూ ఇంకా పెట్టలేదు. ఈసారి ఉయ్యాల పంపుదామనుకుంటున్నాం."

పాప చేతికి గుచ్చిన సూదిని చూస్తూ అంది: "నేను రాసింది ఇంకో తల్లి నమ్మితే?"

"అందరూ రాస్తూనే ఉన్నారు కదా మేడమ్."

"అందుకే నేనూ నమ్మాను."

ఒక్క స్టార్ ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాసేసింది. ఆసుపత్రి సంగతితో సహా. సాయంత్రానికి ఆ రివ్యూ మాయమైంది. ఇక ఆమె ఆ షాపింగ్ యాప్ జోలికి పోలేదు.

నెల తిరిగేసరికి పాప మళ్లీ ఇల్లంతా పాకుతోంది. "ఆ పాత అబద్ధాలు కూడా తీసెయ్యవే, ఎవరి ఉసురో తగులుతుంది," అంది పిన్ని.

ఒక్కొక్కటే తీసేస్తూ పాలసీసా దగ్గరికొచ్చింది. దాని కింద ఆ కొనుగోలుదారు ప్రశ్నలు బారులు తీరి ఉన్నాయి.

'జ్వరం తగ్గిందా?'

'ఏ ఆసుపత్రి?'

'పిచ్చుకా, ఒక్క ముక్క రాయి.'

"చూశావా పిన్నీ, కంపెనీ మనిషి ఇంకా వదల్లేదు," అంటూ నవ్వబోయింది.

చివరిది ఆమెకు రాసింది కాదు, అది చదివే అందరికీ.

'మీలో దగ్గర్లో ఎవరైనా ఉంటే, ఒక్కసారి నా కూతుర్ని చూసి రండి.'